పొడుగు సొర, పొట్టి సొర

అనగనగా... చాప మీద కాస్త సర్దుకోండి పిల్లలూ, కథ చిన్నదే గానీ అందులో ఎలుగుబంటి చాలా పెద్దది! ఒక అడవిలో ప్రతి ఇంటి ముందూ ఓ సొరపాదు ఉండేది. కుందేలుది మచ్చల సొర. కోతిది మెడ వంకర సొర, ఎండాక దాని బుర్రతోనే నీళ్లు తాగేది. ముళ్లపంది అవ్వది బంతిలాంటి పొట్టి సొర. ఎలుగు మామది మాత్రం ఇంత పొడుగు! దాన్ని భుజాన వేసుకుని అడవంతా ఊరేగేవాడు.

అక్కడ ఒక పద్ధతి ఉంది. పాదుకి ఒక కాయను కోయకుండా తీగ మీదే ఎండనిస్తారు. అది విత్తనాల కాయ. ఎంత ఆకలేసినా ముట్టరు.

ఒక ఏడాది ఎలుగు మామకి పెద్దరికం వచ్చింది.

"ఇకమీదట అందరూ నా పొడుగు గింజలే వేయాలి. మిగతావి ఏట్లో పారేయండి!" అన్నాడు.

కుందేలు పారేసింది. కోతి కాసేపు ఏడ్చి పారేసింది. అవ్వ మాత్రం కదల్లేదు.

"నువ్వో అవ్వా?"

"నా బొరియ గుమ్మం చూశావుట్రా అబ్బాయ్? నీ కాయ సగమే లోపలికి పడుతుంది. బయటి సగానికి తట్టుకుని దారినపోయే వాళ్లంతా పడతారు!"

"పొట్టి అవ్వకి పొట్టి కాయ!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు మామ.

మరుసటి పంటకి పాదులన్నీ ఒకేలా ఏపుగా పెరిగాయి. సరిగ్గా పిందెలు పడే వేళకి ఆకులు తెల్లబడ్డాయి.

"ఎవర్రా నా పాదు మీద పిండి చల్లింది?" అని అరిచాడు మామ.

"నా పాదు మీదా చల్లారు మామా!" అంది కుందేలు.

"నా దాని మీదా!" అంది కోతి.

పిండి కాదు పిల్లలూ, బూడిద తెగులు! ఆకులు మాడాయి, పిందెలు రాలాయి. కుందేలు పిల్లలు ఆకలికి ఖాళీ బుర్రలు నాకుతున్నాయి. అవ్వ పొట్టి సొరని మాత్రం ఆ తెగులు ఏమీ చేయలేకపోయింది.

మామ తల వంచుకుని వచ్చాడు.

"పిల్లలు ఆకలితో ఉన్నారవ్వా."

"కాయలు కోసుకోండి. విత్తనాల కాయ జోలికి మాత్రం రాకండి."

"మరి నా పొడుగు సొర ఇక లేనట్టేనా?" అన్నాడు మామ.

"నీ పాదుకి ఒక్క పువ్వయినా మిగిలిందా?"

"ఒకే ఒక్క మగ పువ్వు."

"పట్రా, పో!"

సాయంత్రం తెల్లగా విచ్చిన ఆ పువ్వుని అవ్వ తన పాదులోని ఆడ పువ్వుకి మెల్లగా అద్దింది. దానికి కాసిన కాయను ఎండనిచ్చి, గింజలు అందరికీ పంచింది.

ఆ కొత్త తీగలు తెగులుకి లొంగలేదు. కాయలు పొట్టీ కాదు, పొడుగూ కాదు. అవ్వ గుమ్మంలో పట్టాయి, మామ భుజానికీ సరిపోయాయి. కుందేలు మచ్చల సొర, కోతి మెడ వంకర సొర మాత్రం మళ్లీ దొరకలేదు. పాపం, కోతి ఇప్పటికీ దోసిలితోనే నీళ్లు తాగుతోంది.

మామ సంతోషం పట్టలేక గంతేశాడు. "ఇకమీదట అందరూ ఈ గింజలే..."

అవ్వ ముళ్లన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి.

"...ఈ గింజలూ, పొట్టి గింజలూ, ఎవరి దగ్గర ఏవుంటే అవన్నీ వేయాలి!" అన్నాడు మామ గబగబా.

నీతి: నచ్చినదాన్ని ఒక్కటే ఉంచుకుని మిగతావన్నీ పారేస్తే, కష్టమొచ్చిన రోజు చేతిలో ఏదీ మిగలదు.