గవర్రాజు ఉపవాసం

పూర్ణయ్యగారిని ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పరు. "చూద్దాంలే" అని ఊరుకుంటారు. ఆ చూడటం ఎవరి మెడకి చుట్టుకుంటుందో తెలియదు కనక శిష్యులు అడగడానికి కాస్త జంకుతారు. గవర్రాజు మాత్రం జంకలేదు. పాపం, అతని బాధ అలాంటిది.

అరవై దాటిన మనిషి. నాలుగు మెట్లెక్కితే గుండె పట్టేస్తోందని పట్నం వెళ్లి చూపించుకుంటే, రక్తనాళాల్లో కొవ్వు పేరుకుందన్నారు. మందులు రాసిచ్చి, తిండి మార్చుకోకపోతే కొండ మాట మరిచిపొమ్మన్నారు. మనవరాలి పుట్టువెంట్రుకలకి పిల్లను తనే ఎత్తుకుని మెట్లదారిన కొండెక్కుతానని మొక్కుకున్నాడాయె. ఆ మొక్కు తీరదేమోనని అతని దిగులు.

"సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకి, మధ్యలో ఏకాదశులు. ఊహ తెలిసినప్పట్నించీ ఉపవాసాలే కదండీ. నాకెందుకొచ్చిందండీ ఈ కొవ్వు?" అన్నాడు, కళ్లనీళ్లు పెట్టుకుని.

చూద్దాంలే అన్నారు గురువుగారు. శనివారం సాయంత్రం తనే వాళ్లింటికి వస్తానన్నారు.

వచ్చేసరికి వీధి గుమ్మం దాకా నేతి వాసన. మన వైపు ఉపవాసమంటే తెలిసిందే కదా, అన్నం ముట్టకూడదు, అంతే. ఫలహారానికి అడ్డేమీ లేదు. గవర్రాజు భార్య వీరలక్ష్మి ఇద్దరికీ ఆకులు వేసి, జీడిపప్పు ఉప్మా, పూరీలు, మినపగారెలు, రవ్వకేసరి వడ్డించబోయింది. గురువుగారు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, తనకివాళ ఉపవాసం లేదనీ, ఆవిడ తినేదే తనకూ పెట్టమనీ అన్నారు. ఆవిడ మొహమాటపడుతూ కాస్త అన్నం, ఆనపకాయ పప్పు, తోటకూర, మజ్జిగ తెచ్చింది.

గురువుగారు తృప్తిగా తిన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ ఎదురుగా కూర్చున్నారు. గవర్రాజుకి అప్పుడే వేడివేడిగా ఇంకో వాయి గారెలు వచ్చాయి. ఆయన ముద్దుగా చూస్తూ కాసేపు ఓపిక పట్టారు.

"ఏమయ్యా గవర్రాజూ, నా భోజనం అయిపోయింది. నీ ఉపవాసం ఇంకా ఎంతసేపు?"

గారె చేతిలోనే ఆగిపోయింది. వీరలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగితేనా. గవర్రాజు గారెకేసి చూశాడు, ఆకుకేసి చూశాడు, తనూ నవ్వడం మొదలెట్టాడు. పొలమారేదాకా నవ్వి, గారె అక్కడే వదిలేసి ఆకు మడిచేశాడు.

మరుసటేడు మాఘమాసంలో, డాక్టరుగారు పరీక్ష చేసి నెమ్మదిగా ఎక్కవచ్చన్నాక, మనవరాలిని ఎత్తుకుని ఆగి ఆగి కొండెక్కాడు. దిగాక పిల్లను తీసుకుని గురువుగారికి ప్రసాదం ఇవ్వడానికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. అక్కడున్న పెద్దమనిషి ఒకాయన అతన్ని ఎగాదిగా చూసి, ఏం వ్రతం చేయించారేమిటని గురువుగారిని అడిగాడు.

ఆయన పిల్ల గుండు నిమురుతూ అన్నారు:

"వ్రతమేం లేదయ్యా. పాపం, ఉపవాసాలు చేసి చేసి ఒళ్లు పాడుచేసుకుంటున్నాడు. కాస్త అన్నం తినమన్నాను."