పదివేల ఏడు పెంకులు

అనగా అనగా, రాజులు కూడా పెంకుల కప్పు కిందే కొలువు తీరే కాలంలో, బారులూరు అనే రాజ్యం ఉండేది. అక్కడ ఒక వింత ఆచారం. కోటలోకి ఏ సరుకు వచ్చినా సమానమైన వరుసల్లో పేర్చి చూడాలి. ఒకే బారుగా పేరిస్తే చెల్లదు. ఒక్కటి మిగిలినా, తెచ్చినవాళ్లు కొన్ని దాచేశారని అర్థం. లెక్కపెట్టే నోరు తడబడవచ్చు గాని వరుస అబద్ధమాడదని వాళ్ల నమ్మకం. నమ్మకం ముదిరితే ఇక ఎవరి మాట వింటారు!

ఆ రాజ్యాన్నేలే నరహరి మహారాజు కొత్త కొలువుకూటానికి పదివేల ఏడు పెంకులు కావాలన్నాడు. కుమ్మరి సింగారమ్మ వేసవంతా ఒళ్లు హూనం చేసుకుని, కాల్చి తెచ్చింది.

ద్వారాధికారి దండపాణి వాటిని పది వరుసలుగా పేర్పించాడు. ఏడు మిగిలాయి. పన్నెండు వరుసలుగా పేర్పించాడు. పదకొండు మిగిలాయి. పదమూడు వరుసలుగా పేర్పించాడు. పది మిగిలాయి.

"ఎన్ని దాచావమ్మా? పది రోజుల్లో వరుస కుదర్చకపోతే ఏటి ఒడ్డున మన్ను తవ్వే హక్కు నీకుండదు!" అన్నాడు.

మన్ను లేకపోతే కుమ్మరికి బతుకేముంది?

బండి తోలుకొచ్చిన మరిది సన్యాసి సింగారమ్మ చెవిలో చెప్పాడు. "వదినా, రెండు పెంకులు ఏట్లో పారేస్తే పోలా? మిగిలినవి ముచ్చటగా మూడు వరుసల్లో కూర్చుంటాయి."

"బాగుందయ్యా నీ సలహా! దొంగను కాననిపించుకోవడానికి దొంగనవ్వమంటావా?" అని కసిరింది సింగారమ్మ.

ఆమె పెంకుకొక చింతగింజ చొప్పున పదివేల ఏడు గింజలు పోసుకుని కూర్చుంది. రెండు వరుసలు వేసింది, ఒకటి మిగిలింది. రెండింట కుదరనిది నాలుగింటా ఆరింటా కుదరదు గనుక వాటిని వదిలేసింది. మూడు చూసింది, అయిదు చూసింది, ఏడు చూసింది. నడుము పట్టేసింది. అయినా లేవలేదు. నూరు దాకా ఏదీ కుదరలేదు.

పదోరోజు రాజు ముందు నిలబడింది. "ప్రభూ, నేనేమీ దాచలేదు. ఈ అంకె ఏ వరుసల్లోనూ ఇమడదు. నూరు దాకా చూశాను."

దండపాణి పకపకా నవ్వాడు. "నూట ఒకటి చూశావా? వెయ్యి చూశావా?"

"అక్కర్లేదయ్యా. నూరు దాటిన వరుసలు వేసి, వరుసకు నూరు దాటి పెట్టాలంటే పదివేల రెండువందల పైనే పెంకులు కావాలి. అన్ని లేవు. కాబట్టి వరుసలు నూరు దాటితే, వరుసకు పెంకులు నూరుకు మించవు. పక్కకొచ్చి అడ్డంగా చూడండి. నూరుకు మించని వరుసలే కనిపిస్తాయి. అవన్నీ నేను చూసినవే!"

దండపాణి నవ్వు ఆగిపోయింది. రాజు తానే దిగివచ్చి, ఆమె వెంట తెచ్చిన చింతగింజలను పొద్దు వాలేదాకా పేర్చాడు. ప్రతిసారీ కొన్ని మిగిలాయి. చివరికి పెంకులు ఒక్కొక్కటే లెక్కపెట్టించాడు. సరిగ్గా పదివేల ఏడు.

"అడిగింది నేను. నేనడిగిన అంకె ఇమడకపోతే ఈమె దొంగ ఎలా అవుతుంది?" అని రాజు తలవంచాడు. "అమ్మా, ఆ మన్ను నీదే. దండపాణీ, నువ్వు నిచ్చెనెక్కు. పెంకులు ఒక్కొక్కటే పైకి లెక్కపెడుతూ అందించు."

మన వరుసల్లో ఇమడనంత మాత్రాన నిజం అబద్ధం కాదు. చివరిదాకా ఓపిక పట్టినవారే దాన్ని గెలిపిస్తారు.