గంపన్న సంచి చెప్పిన మాట

విమానాశ్రయం కంచె పక్కన ఓ పెద్ద మడుగు ఉంది. ఎండలు ముదిరితే అది సగానికి పైగా ఎండిపోయి చదును నేల బయటపడుతుంది. తూర్పున సముద్రం, పడమటి కొసన ఊబి. ఆ మడుగులో చేపలు పట్టుకు బతికే గూడబాతు పేరు గంపన్న. ముక్కు కింద గంపంత సంచి వేలాడుతుంది కాబట్టి ఆ పేరు. ఒళ్ళు బరువు, బుర్ర నెమ్మది, మనసు మంచిది.

ఎగరడం వాళ్ళమ్మ నేర్పింది. "నాయనా, మనది భారీ ఒళ్ళు. గాలికి ఎదురు తిరిగి, ముక్కు కాస్త తెరిచి పరిగెత్తు. సంచి బూరెలా ఉబ్బితే రెక్క విప్పు. ఉబ్బకపోతే విప్పకు." ఎందుకని ఇతను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం సముద్రపు గాలి జోరుగా వీస్తోంది. గూట్లో పిల్లలు ఆకలికి అరుస్తున్నాయి. గంపన్న చేపలు మింగి హడావుడిగా ఒడ్డెక్కేసరికి, నక్క సలహాలయ్య కాచుకుని ఉన్నాడు. అడిగినా అడక్కపోయినా సలహా చెప్పందే అతనికి పూట గడవదు. చూపు మాత్రం గంపన్న మెడ మీద ఉంది.

"ఏం అల్లుడూ, మళ్ళీ గాలికి ఎదురెళ్తావా?"

"మా అమ్మ అలాగే చెప్పింది మామా."

"అమ్మ కాలం వేరు. గాలి వెనకనుంచి తోస్తానంటుంటే, ఏటికి ఎదురీదడం దేనికి? ఇటు పడమటికి పరిగెత్తు. నోరు మాత్రం మూసుకో. తెరిస్తే గాలి దూరి వెనక్కి లాగుతుంది."

"నోరు మూస్తే సంచి ఉబ్బదు కదా?"

"అదే నీ రోగం. కంచె అవతల ఆ విమానం చూడు. చక్రాలు గిర్రున తిరిగితే లేస్తోంది. దానికి సంచి ఉందా?"

గంపన్న చూశాడు. నిజమే, లేదు.

బురదలో పడుకుని నెమరేస్తున్న గేదె నల్లక్క తల తిప్పింది. "సంచి లేదు గానీ గొట్టం ఉంది. ముందుకి నోరు తెరుచుకుని ఉంటుంది. విమానం ఆగి ఉన్నప్పుడు దానికి ఎర్ర గుడ్డ వేలాడే తొడుగొకటి వేసి ఉంచుతారు. అది తియ్యందే విమానాన్ని కదలనివ్వరు."

"గొట్టం దేనికక్కా?"

"ఎదురుగాలి అందులో ఎంత గట్టిగా ఒత్తితే అంత వేగంగా పోతున్నట్టు లెక్కట. కాకి చెప్పింది. నాకేం తెలుసు?"

"కాకి మాటకు గేదె సాక్ష్యం," అని నవ్వాడు సలహాలయ్య. "పద అల్లుడూ, నీ వెనకే నేనూ వస్తా."

గంపన్న బుర్ర గిర్రున తిరిగింది. గొట్టమా, చక్రమా? అవతల పిల్లల అరుపులు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గదా, ముక్కు బిగించి పడమటికి పరుగందుకున్నాడు.

అబ్బో, జన్మలో ఇంత వేగం ఎరగడు. గడ్డి దుబ్బులు వెనక్కి పారిపోతున్నాయి. రెక్కలు విప్పాడు. ధబేల్మని బోర్లా పడ్డాడు.

"ఇంకాస్త వేగం అల్లుడూ."

లేచి మళ్ళీ పరిగెత్తాడు, మళ్ళీ పడ్డాడు. ఇంత వేగంగా పోతుంటే చెవుల దగ్గర గాలి సద్దయినా లేదేం? ఆయాసంతో నోరు తెరిచి పరిగెత్తాడు. సంచి తడిగుడ్డలా వేలాడుతూనే ఉంది. కాళ్ళేమో చాలా వేగం అంటున్నాయి, సంచేమో అసలు కదల్లేదంటోంది. ఎవర్ని నమ్మాలి? ఇంతలో పాదాలు మెత్తగా దిగబడ్డాయి. ఊబి అంచు. గంపన్నకు భయమేసింది.

"మామా, ఇదేంటి..." అంటూ వెనక్కి తిరిగాడు.

ఎదురుగాలికి సంచి బూరెలా ఉబ్బింది.

నిలబడే ఉన్నాడు. సంచేమో ఎగరమంటోంది. ఎదురుగా సలహాలయ్య పళ్ళు బయటపెట్టి, గాలి తోపుతో దూసుకొస్తున్నాడు. ఉబ్బితే విప్పు, అంది అమ్మ. రెక్కలు విప్పి రెండడుగులు వేశాడో లేదో, గాలి అతన్ని ఎత్తుకుంది.

గంపన్న మెడ కోసం ఎగిరిన సలహాలయ్యకు గాలి తప్ప ఏమీ దొరకలేదు. అదే ఊపున వెళ్ళి ఊబిలో పొట్టదాకా దిగబడ్డాడు.

నల్లక్క తీరిగ్గా వచ్చి గట్టి నేల మీద నిలబడింది. "మంచి వేగం మీదే వచ్చావు సలహాలయ్యా."

"నల్లక్కా, బయటపడే ఉపాయం చెప్పు తల్లీ."

"వెనకనుంచి గాలి తోస్తోందిగా," అంది నల్లక్క, నెమరేస్తూ.

గూట్లో పిల్లలకు చేపలు పెడుతూ గంపన్న ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు: పరిగెత్తితే పడ్డానే, నిలబడితే ఎలా ఎగిరాను? ఈ కథలో నీతి అతనికి తెలియకపోయినా మనకు తెలుసు:

ఎగరాలనుకునేవాడు తన వేగం ఎంతని నేలను కాదు, గాలిని అడగాలి.