ఎండ వెంట వెళ్ళిన డ్రమ్ము

ఈతమానుపేటలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే, పోలినాయుడు మరో మాట లేకుండా తన గుమ్మం చూపించేవాడు. "ఊళ్ళో అందరూ ఒకటి సెప్తే ఇంకోటి సేస్తారు. మా ఇంట్లో అలాక్కాదు. సెప్పింది సెప్పినట్టు సేస్తాం. తెలివంటే అదే గదా!" అనేవాడు మీసం దువ్వుకుంటూ. అతని పెళ్ళాం నరసమ్మ, తమ్ముడు సింహాలు అవునవునని తలలూపేవారు. ఊపడం మొదలెట్టారంటే ఎవరో ఒకరు చాలనేదాకా ఆపేవారు కాదు.

ఆ ఇంట్లో పిల్ల ఒక్కతే, గౌరి. నలుగురిలో నోరు విప్పేది కాదు. బడికి దేవదానం మేష్టారు వచ్చాకే ఆ పిల్లకి మంచి రోజులొచ్చాయి. పాత సామాన్ల గదిలో ఎలకల పాలైన బ్యాండు సామానుని ఆయన బయటికి లాగి, తుడిచి, బిగించి, పిల్లలకి వాయించడం నేర్పాడు. గౌరికి పెద్ద డ్రమ్ము ఇచ్చాడు. అది ఢమ్మంటే చాలు, గోడవతల నిలబడ్డ పోలినాయుడి గుండె కూడా ఢమ్మనేది. కూతుర్ని చూసుకుని అంత పొంగిపోయేవాడు.

అంతలో ఓ చిక్కు వచ్చిపడింది. శనివారం పొద్దున్న ఆఫీసరుగారు బ్యాండు వినడానికి వస్తున్నారట. నచ్చితే సామాను ఈ బడిలోనే ఉంటుంది. నచ్చకపోతే పడమటి వైపున్న రేగుపాలెం బడికి పంపించేస్తారట. ఆ వారంలోనే ముసురు పట్టి బడి కప్పు కారడం మొదలెట్టింది. మేష్టారు సామానంతా తెచ్చి పోలినాయుడి పెంకుటింట్లో పెట్టించి, "నాయుడూ, వీటిని కన్నబిడ్డల్లా చూసుకో" అని చెప్పి వెళ్ళాడు.

ఇంకేముంది! నరసమ్మ కొంగు బిగించింది.

"కన్నబిడ్డకి ముందేటి సేస్తాం? నీళ్ళు పొయ్యమా?" అంది.

అంతే. పెద్ద డ్రమ్ముకి ఆముదం పట్టించి, నలుగు పెట్టి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. సింహాలు కాగులోంచి వేన్నీళ్ళు తెచ్చి పోశాడు. సాంబ్రాణి పొగ వేశారు. దిష్టి తగలకుండా బుగ్గన చుక్క పెడదామంటే దాని బుగ్గ ఎక్కడుందో తెలియలేదు, అందుకని చుట్టూ పెట్టేశారు. తర్వాత బాకా వంతు. దాని నోటికి ఉగ్గుగిన్నె ఏం ఆనుతుందని నరసమ్మ చెంబుతోనే చోడిజావ పోసింది. "ఎంత పోసినా తాగేస్తంది, అచ్చం నీ తమ్ముడే" అని మొగుడితో అని మురిసిపోయింది కూడా. గౌరేమో తాళాలు రెంటినీ కవలపిల్లలని ఉయ్యాల్లో వేసి జోల పాడింది. ఆ ఇంటి పిల్లే కదా మరి!

మర్నాడు మేష్టారు వచ్చి డ్రమ్ము మీద ఓ దెబ్బ వేశాడు. అది ఢమ్మనలేదు. తడిగుడ్డ మీద కొట్టినట్టు చప్పగా ఊరుకుంది.

"ఏమైందమ్మా దీనికి?" అన్నాడు కంగారుగా.

"ఉష్, మెల్లగా మేష్టారూ! నీళ్ళోసినాం గదా, కునుకు తీస్తంది" అంది నరసమ్మ.

ఆయన బాకా ఎత్తాడు. జావ ఆయన చొక్కా మీద పడింది. మంచి మనిషి, తిట్టడానికి నోరు రాక తల పట్టుకుని కూర్చున్నాడు. తెల్లారితే శనివారం. అదృష్టం కొద్దీ ముసురు విడిచి ఎండ కాసింది.

"సింహాలూ, డ్రమ్ముని ఎండలో పెట్టు. ఎండ ఎటు జరిగితే నువ్వూ అటు జరుపు. నీడ మాత్రం పడనివ్వకు" అని చెప్పి, బాకా కడగడానికి బడికి పట్టుకుపోయాడు.

సింహాలు డ్రమ్ముని వాకిట్లో పెట్టాడు. కాసేపటికి చూరు నీడ వచ్చింది. వీధిలోకి జరిపాడు. అక్కడ ఎదురింటి నీడ వచ్చింది. కళ్ళంలోకి జరిపాడు. గడ్డిమేటు నీడ పడబోతే చెరుకుతోట దాటించాడు. ఎండ పడమటికి పోతుంటే డ్రమ్ము నెత్తిన పెట్టుకుని తనూ పడమటికి పోయాడు.

శనివారం పొద్దున్న పిల్లలు వరసగా నిలబడ్డారు. ఆఫీసరుగారి జీపు వచ్చేసింది. సింహాలూ లేడు, డ్రమ్మూ లేదు. గౌరి రెండు చేతుల్లో డ్రమ్ము కర్రలు పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. అది చూసిన పోలినాయుడు "నా బిడ్డ బ్యాండు పోనాది బాబో!" అంటూ తనూ అందుకున్నాడు.

అప్పుడు పడమటి దారిన దుమ్ము లేచింది. సింహాలు పరుగెత్తుకొస్తున్నాడు, నెత్తి మీద డ్రమ్ముతో.

"ఎక్కడ సచ్చినావురా?"

"రేగుపాలెం కాడికెళ్ళేసరికి పొద్దు గుంకిపోనాది అన్నియ్యా. ఇంక ఎటు జరపాలో మేష్టారు సెప్పనేదు. కూకున్నాను. తెల్లారి సూద్దును గదా, సూరీడు మనూరి వైపునుంచి వస్తన్నాడు! అంతే, ఎదురొచ్చేసినాను. ఆ ఊరి మేష్టారు డ్రమ్ము అక్కడే ఉంచమని ఒకటే బతిమాలినాడు. మీ ఊరికి ఇంకా ఎండ రానేదు, ఉంచనన్నాను."

అంత ఎండ తిన్న డ్రమ్ము గంటలా బిగుసుకుపోయింది. గౌరి కళ్ళు తుడుచుకుని ఒక్కటి వేస్తే బడి గోడలు అదిరాయి. బాకా ఊదగానే అందులో ఏ మూలో మిగిలిన జావ ముద్ద ఎగిరొచ్చి ఆఫీసరుగారి చెంప మీద పడింది. ఆయన కోప్పడతాడనుకున్నారు. ఆయన తుడుచుకుని పకపకా నవ్వాడు. మైకు ముందుకొచ్చి, "ఈ సామాను ఈ బడికే!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పోలినాయుడు కూతుర్ని భుజానికెత్తుకున్నాడు. ఆఫీసరుగారు చెయ్యెత్తి, "కానీ ఒక్క మాట. ఈ ఊళ్ళో ఈ బ్యాండు ఆగకూడదు. ఆగిందని విన్నానో, ఆ రోజే రేగుపాలెం పంపించేస్తాను!" అని జీపెక్కారు.

పిల్లలందరూ ఇళ్ళకి పోయారు. పోలినాయుడు మాత్రం వాయిద్యాలన్నీ మళ్ళీ ఇంటికి మోయించాడు.

"విన్నారా? ఆగితే పోద్దట. గౌరీ, కొట్టమ్మా!"

గౌరి చేతులు నొప్పెడితే నరసమ్మ కర్రలు అందుకుంది. నరసమ్మ వంటకి లేస్తే సింహాలు. బాకా పోలినాయుడు ఊదాడు. గేదెలు పాలు చేపడం మానేశాయి. ఇరుగుపొరుగులు చెవుల్లో దూది పెట్టుకుని దండాలు పెట్టారు. దేవదానం మేష్టారు పరుగెత్తుకొచ్చి నరసమ్మ చేతిలో కర్రలు పట్టుకుని, "ఆపండి తల్లీ! ఆఫీసరుగారి ఉద్దేశం అది కాదు!" అన్నాడు.

"ఉద్దేశం మాకు సెప్పనేదు మేష్టారూ. మాట సెప్పినారు" అన్నాడు పోలినాయుడు, మళ్ళీ బాకా ఎత్తుతూ.

మేష్టారు ఇక లాభం లేదని టౌనుకి పోయి ఆఫీసరుగారినే జీపులో వెంటబెట్టుకొచ్చాడు. ఆయన వాకిట్లో నిలబడి, "ఆపండి! ఆపండి!" అని అరిచాడు. ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? ఇంకా అరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి, చేతులు రెండూ గాల్లో ఊగాయి.

పోలినాయుడు ఆయన్ని చూశాడు. నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, చేతులూపుతున్నాడు. పోలినాయుడికి ఆనందంతో కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఒలే! ఆఫీసరుగారు మన బ్యాండుకి పాట పాడతన్నారు! పాపం, ఒక్క ముక్కా వినపడ్డం నేదు. ఆయనకి సాయం పట్టండి, ఇంకా గట్టిగా వాయించండి!"