కాసులదిన్నె గీటమ్మ

కాసులదిన్నెలో బస్సు దిగి ఎడమవైపు గుట్ట ఎక్కితే, నూట పది మెట్ల చివర గీటమ్మ గుడి ఉంది. గర్భగుడిలో విగ్రహం కోసం వెతికేవారు మొదట నిరాశపడతారు. రాతి పీఠం మీద పిడికిలంత ఇనుప ముక్క, దాని నెత్తిన రూపాయి బిళ్ళంత గుంట, ఆ గుంటలో లోపలికి చెక్కిన అమ్మవారి ముఖం మాత్రమే ఉంటాయి. ఎడమ చెంప మీదుగా ఒక పగులు పోతుంది. ఎంతటివారైనా మోకాళ్ళ మీద వంగితేనే దర్శనం. ఇక్కడ ప్రత్యేక దర్శనం టిక్కెట్టు లేదు, ఉండదు కూడా.

పూర్వం ఇక్కడ ఒక పాలెగాడి టంకసాల ఉండేది. అందులో అచ్చులు చెక్కేవాడు రుద్రాచారి. దిమ్మెలో బిగించిన అచ్చు మీద లోహపు బిళ్ళ పెట్టి సమ్మెటతో ఒక్క దెబ్బ కొడితే దాని మీద అమ్మవారి ముఖం లేచేది. బంగారు వరహాలకు వెయ్యికొక కొత్త అచ్చు చేయించేవారు. రాగి కాసుల అచ్చును మాత్రం ఎంత అరిగినా మార్చేవారు కాదు. రుద్రాచారి కొత్త అచ్చుకు ఉక్కు అడిగినప్పుడల్లా టంకసాల అధికారి కొండప్ప నవ్వేవాడు.

"ఉప్పూ చింతపండూ కొనే కాసుకు కన్నూ ముక్కూ ఎందుకు ఆచారీ? అదేమన్నా పెళ్ళిచూపులకు పోతుందా?"

వరహా ఏడాదికొకసారి పెట్టె మారుతుంది. కాసు రోజుకు పది చేతులు మారుతుంది. ఎక్కువమంది తాకేదాన్ని ఎక్కువ శ్రద్ధగా చేయడం న్యాయం. ప్రజలే ప్రభువులని గోడల మీద రాసుకునే మన కాలానికి కూడా ఈ చిన్న న్యాయం ఇంకా తలకెక్కలేదు.

చివరకు కాసుల అచ్చు పగిలింది. కొత్తది రాలేదు, పని ఆగలేదు. ఆనాటి నుంచి కొట్టిన ప్రతి కాసు మీదా కళ్ళు చెరిగిపోయి, చెంప మీద సన్నని గీటు లేచింది.

ఆ కాసులు పట్టుకుని ఉప్పమ్మే సుంకులమ్మ ఊరి వాకిట సుంకం కట్టబోయింది. భటులు అవి దొంగ నాణేలన్నారు. దొంగ నాణెం కొట్టినవారికి కుడిచెయ్యి నరకడం శిక్ష. పాలెగాడి చావడిలో నిలబెడితే ఆమె అంది, "కాసులు చేసే తెలివే ఉంటే ఈ ఎండలో ఉప్పుగంప ఎందుకు మోస్తా సామీ?"

నిజం తేల్చడానికి రుద్రాచారిని పిలిపించారు. కాసును చూడగానే అతడికి తన అచ్చు తెలిసింది. కానీ కొండప్ప పక్కనే ఉన్నాడు. పైగా ఇంత వికారమైన ముద్ర తనదని పదిమందిలో చెప్పుకోవడానికి పనితనం పేరుతో బతికిన మనిషికి నోరు రాలేదు. "ఇది మా పని కాదు" అన్నాడు. సాయంత్రం చెయ్యి నరకాలని తీర్పు అయింది.

మధ్యాహ్నం కొలిమి పక్కన అతడికి కునుకు పట్టింది. కలలో అమ్మవారు కనిపించింది. "వరహా మీద నాకు కళ్ళు ఉంచావు. కాసు మీద తుడిచేశావు. ఆ ఉప్పమ్మే బిడ్డ నా వైపు చూస్తోంది ఆచారీ. నాకు ఆమె కనబడడం లేదు" అంది.

లేచి, దిమ్మెతో సహా అచ్చును భుజాన వేసుకుని చావడికి వెళ్ళాడు. కొండప్ప దగ్గరగా వచ్చి, "ఊరుకో ఆచారీ. ఆమె చెయ్యి పోకుంటే నీది పోతుంది" అన్నాడు. రుద్రాచారి దిమ్మెను నేల మీద దించాడు. రాగి బిళ్ళ పెట్టి అందరి ముందూ కొట్టాడు. అదే గీటు లేచింది.

"ఇది నా పనే. బాగులేదు. అయినా నాదే" అన్నాడు.

పాలెగాడు పశ్చాత్తాపపడి కన్నీరు పెట్టాడని కొందరు చెబుతారు. మేము అలా చెప్పము. చావడి చుట్టూ చేరిన జనం కొంగుముడులు విప్పి, రుమాళ్ళు విప్పి తమ కాసులు చూసుకున్నారు. అన్నిటి మీదా అదే గీటు. ఆ కాసులున్న చేతులు ఒక్కొక్కటే పైకి లేచాయి. ఊరి చేతులన్నీ నరికితే పన్ను కట్టేదెవరని పాలెగాడు ఆలోచించుకున్నాడు. సుంకులమ్మ కట్లు విప్పారు. ఆచారి కొలువు పోయింది, చెయ్యి నిలిచింది. పగిలిన అచ్చును సుంకులమ్మ తన గంపలో పెట్టుకుని ఈ గుట్ట మీదికి తెచ్చి నిలిపింది.

నేటికీ చైత్రమాసపు చివరి మంగళవారం నాడు చేతిపని చేసేవారు ఇక్కడికి వస్తారు. తాము చెడగొట్టిన వస్తువు ఒకటి తెచ్చి పీఠం ముందు పెడతారు. సొట్టకుండ, పోగు తప్పిన చీర, తలుపు పట్టని ద్వారబంధం, ఏదైనా సరే. దాన్ని ఎత్తి చూపి, "ఇది నా పనే" అని అందరికీ వినబడేలా అనాలి. తరువాత అర్చకులు తడి పసుపు ముద్దను అచ్చులో నొక్కి, గీటుతో సహా అమ్మవారి ముఖాన్ని కుడి అరచేతిలో పెడతారు. అది ఆరేవరకు పిడికిలి మూయకూడదు. అలా తెరిచిన చేతితో మెట్లు దిగినవారికి పనికి లోటుండదని, చేసిన పనికి ఎవరి ఉసురూ తగలదని ఇక్కడివారి నమ్మకం.

పోయిన ఏడాది ఒక మేస్త్రి బడిగోడ నుంచి రాలిన సిమెంటు పెళ్ళ తెచ్చి ఆ మాట అన్నాడు. వేసవి సెలవులు ముగిసేలోగా ఆ గోడను తన కూలి డబ్బుతో మళ్ళీ కట్టాడు.