గట్టిమేళం రెండుసార్లు మోగిన పెళ్లి

రాగం గురించి తప్ప మరి దేని గురించి అడిగినా నాంచారయ్య మేష్టారు సమాధానం చెప్పరు. "ముందు శ్రుతి చూసుకోరా" అంటారు, అంతే. గుడివాడ చుట్టుపక్కల పెళ్లిళ్లలో ఎన్నో ఏళ్లుగా సన్నాయి ఊదుతున్న మనిషి ఆయన. చిన్నప్పటినుంచీ ఆయన దగ్గరే నేర్చుకుని, ఇప్పుడు ఆయన పక్కనే కూర్చుని రెండో సన్నాయి ఊదే శోభనాద్రికి ఈ సంగతి తెలియనిది కాదు. తెలిసీ, ఆ పొద్దున్న ఒక పెళ్లికి బయల్దేరుతుంటే ఉండబట్టలేక అడిగేశాడు.

"మేష్టారూ, మా చెల్లెలు సుభాషిణి పెళ్లి చూడముచ్చటగా జరగాలి. అలాగని నా చేతికి మించకూడదు. దేనికి కోత పెట్టమంటారు?"

"ముందు శ్రుతి చూసుకోరా" అని ఆయన టెంపో ఎక్కేశారు.

నిజానికి అతను అడగాల్సింది అది కాదు. కోత అప్పటికే పెట్టేశాడు. ఆ మాట చెప్పడానికి నోరు రాక చుట్టూ తిరుగుతున్నాడు.

చెల్లెలి సంబంధం కుదిరిన నాటినుంచీ శోభనాద్రికి కాలు ఒకచోట నిలవడం లేదు. మగపెళ్లివారు హైదరాబాదు మనుషులు. వాళ్ల ముందు చులకనైపోకూడదని అతని బెంగ. దానికి తోడు, "బాజావాళ్ల ఇంట్లో పెళ్లికి బాజా తప్ప ఇంకేముంటుందిలే" అని ఎవరో బంధువు నవ్విన నవ్వొకటి చెవిలో జోరీగలా తిరుగుతోంది. అందుకని పోయి ఒక ఈవెంట్ మేనేజరును పట్టుకున్నాడు. పూల మండపం కావాలి, పెద్ద తెర మీద వీడియో కావాలి, పెళ్లికూతురు నడిచి వస్తుంటే మేఘాల్లా పొగ లేవాలి. అన్నీ కావాలి గానీ, మేనేజరు చెప్పిన అంకె వినేసరికి గుండె గుభేలుమంది. అప్పుడా మేనేజరే ఒక ఉపాయం చెప్పాడు. "మేళం తీసేయండి సార్. ముహూర్తానికి మా దగ్గర గట్టిమేళం రికార్డుంది. మీకు ఫ్రీ." శోభనాద్రి తలూపాడు.

చోద్యం చూడండి! సన్నాయి ఊదుకుని బతికే మనిషి సొంత చెల్లెలి పెళ్లికి సన్నాయి వద్దన్నాడు. అవతల నిశ్చితార్థం నాడు మేష్టారు అందరి ముందూ "ఈ పిల్ల పెళ్లికి మేళం నాది" అని కూర్చున్నారు. ఆయన చేత ఊరికే ఊదించుకుందామంటే అభిమానం అడ్డొస్తుంది. ఇవ్వాల్సింది ఇద్దామంటే పొగకు చాలదు. ఎటూ తేల్చుకోలేక అతనికి అన్నం సయించడం లేదు, నిద్ర పట్టడం లేదు. కల్యాణి రాగం ఎత్తుకుంటే నడిమధ్యలో వేలు జారుతోంది.

ఆ రోజు పెళ్లి ఒక రైసుమిల్లు యజమాని కూతురిది. కల్యాణమండపంలో అడుగు పెట్టగానే శోభనాద్రికి ఒళ్లు చల్లబడింది. నల్లచొక్కా వేసుకుని, చెవిలో ఏదో పెట్టుకుని అటూ ఇటూ పరుగులు తీస్తున్నది తను మాట్లాడుకున్న మేనేజరే. అతను మేళం దగ్గరికి వచ్చి, "నేను చెయ్యెత్తుతాను, పొగ లేస్తుంది. అప్పుడు గట్టిమేళం. ముందు వద్దు" అని గట్టిగా చెప్పి వెళ్లాడు. మేష్టారు తల పంకించారు. శోభనాద్రి మొహం తిప్పుకుని కూర్చున్నాడు.

ముహూర్తం దగ్గరపడింది. పీటల మీద పెళ్లికూతురు, పెళ్లికొడుకు, మధ్యలో అడ్డుతెర. ఇద్దరి చేతుల్లోనూ జీలకర్రా బెల్లం. హాలంతా అక్షింతలు పంచేశారు. పంతులుగారు గడియారం చూసుకుని చెయ్యి పైకెత్తి, "గట్టిమేళం! గట్టిమేళం!" అని కేక పెట్టారు.

"ఆగండాగండి!" అని కింద నుంచి మేనేజరు అరిచాడు. "పొగ మిషన్ మొరాయించింది. ఒక్క నిమిషం!"

ఎప్పుడైనా ముందు ఎత్తుకునేది మేష్టారు, వెనక అందుకునేది శోభనాద్రి. అలవాటు చొప్పున ఆయన వంక చూశాడు. ఆయన సన్నాయి పెదాల నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"నన్నేం చూస్తావురా?" అన్నారు.

ఊదితే మేనేజరుకు ఒళ్లు మండుతుంది, రేపు చెల్లెలి పెళ్లి నడిపించేది ఆ మనిషే. ఊదకపోతే ముహూర్తం దాటిపోతుంది. పెళ్లికూతురి చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది. ఆమె వెనక నిలబడ్డ అన్నగారు పంతులుగారి వైపు ఒకసారి, మేనేజరు వైపు ఒకసారి చూస్తూ బిక్కమొహం వేశాడు. ఆ అన్న మొహంలో శోభనాద్రికి తన మొహమే కనిపించింది. మరి ఆలోచించలేదు, గుండెల నిండా ఊపిరి తీసుకుని ఊదేశాడు.

డోలు విరుచుకుపడింది. చేతులు తలల మీదికి వెళ్లాయి, తెర దిగింది. వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు దిగ్గున లేచారు. ముసలమ్మలు కూర్చున్నచోటి నుంచే అక్షింతలు విసిరారు. వేదిక దాకా పోయినవి కొన్ని, ముందువాళ్ల జుట్టులో పడినవి కొన్ని. పెళ్లికూతురు నవ్వుతూనే ఏడ్చేసింది. మిల్లు యజమాని కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

మేనేజరు మాత్రం మెట్లెక్కి మీదికొచ్చాడు. "మొత్తం షాటు పోయింది! చూశారా శోభనాద్రిగారూ, మీ చెల్లెలి పెళ్లికి మేళం వద్దని నేను చెప్పింది ఇందుకే. రికార్డయితే నేను నొక్కినప్పుడే మోగుతుంది!"

మేష్టారు పక్కనే ఉన్నారు, అంతా విన్నారు. సన్నాయి పీక తుడుచుకుంటున్నారు. శోభనాద్రికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఈలోగా మిషన్ బాగుపడింది. వీడియో కోసం మళ్లీ తెర పట్టించారు, మళ్లీ జీలకర్రా బెల్లం పెట్టించారు. మేనేజరు చెయ్యెత్తాడు. పొగ బ్రహ్మాండంగా లేచింది. స్పీకర్లలో గట్టిమేళం మోగింది. నిజం చెప్పాలంటే అందులో వంక పెట్టడానికి లేదు, ఎవరో గట్టి విద్వాంసుడే ఊదాడు. "అక్షింతలు వేయండి, వేయండి!" అని మేనేజరు గొంతు చించుకున్నాడు. జనం తమ చేతులకేసి చూసుకున్నారు. ఉత్తచేతులు. మొహమాటానికి ఒకరిద్దరు విసిరినట్టు చేతులాడించారు, మిగతావాళ్లు భోజనాలకు లేచారు. పెళ్లికూతురు కెమెరా వంక చూసి, చెప్పినట్టు నవ్వింది. తన చెల్లెలికి తాను ఏరికోరి తెచ్చింది ఇదేనని శోభనాద్రికి అప్పుడు తెలిసింది.

బయట టెంపో దగ్గర ఇక ఆపుకోలేకపోయాడు. "తప్పయిపోయింది మేష్టారూ. మీకు మొహం చూపించలేకపోతున్నాను. ఇప్పుడు చెప్పండి, ఏది ఉంచమంటారు, ఏది తీసెయ్యమంటారు?"

మేష్టారు తన సన్నాయిని సంచిలో పెట్టి, తీరిగ్గా ముడి వేశారు. అతని చేతిలోని సన్నాయి కూడా అడిగి తీసుకున్నారు.

"పెళ్లికూతురికి అన్నవి. ఆ రోజు నీ చేతిలో ఇది ఉండదురా, అక్షింతలుంటాయి. నేను ఊదినప్పుడు వేస్తావో, వాడు నొక్కినప్పుడు వేస్తావో చూసుకో."