రాజుగారి అంగీ, నత్తల కంపు

ఒకానొక కాలాన ఫినీషియా తీరంలో, నాలుగువైపులా సముద్రమే ప్రహరీగా ఒక నగరం ఉండేది. దాని రాజు జెరుబాల్. ఆయనకు ఎప్పుడూ ముక్కు మీదే కోపం. ఈసారి మాత్రం కోపం ముక్కువల్లే వచ్చింది.

ఆ నగరానికి పేరు తెచ్చింది ఊదారంగు. వేలకు వేల సముద్రపు నత్తల్ని పట్టి, పగలగొట్టి, రోజుల తరబడి తొట్టెల్లో నానబెట్టి కాస్తే గాని ఒక్క అంగీకి సరిపడా రంగు రాదు. దేశదేశాల రాజులు ఆ బట్టల కోసం పడిచచ్చేవారు. కాని ఆ తొట్టెల కంపు ఉందే, అది పగవాడికి కూడా వద్దు!

జెరుబాల్ ముచ్చటపడి కొత్త మేడ కట్టించుకున్నాడు. కిటికీ తలుపు తెరిచాడో లేదో, అద్దకపు పేట కంపంతా గుప్పున వచ్చిపడింది. అగ్గిమీద గుగ్గిలమై అప్పటికప్పుడు చాటింపు వేయించాడు.

"నత్తకంపు కొట్టే ప్రతి మనిషీ, ప్రతి వస్తువూ సూర్యాస్తమయంలోగా నగరం దాటిపోవాలి!"

పేటలో రెండువందల కుటుంబాలు గొల్లుమన్నాయి. వాళ్లకు వచ్చిన పని అదొక్కటే. నత్తలు దొరికేదీ ఆ రేవులోనే. పొమ్మంటే ఎక్కడికి పోతారు? అప్పుడు అరిషత్ అనే ముసలావిడ లేచింది. యాభై ఏళ్లుగా బట్టలు ముంచి ముంచి ఆవిడ చేతులు మోచేతుల దాకా ఊదాగా మారిపోయాయి.

"ఏడుపులు కాసేపు ఆపండర్రా. నేను రాజుగారితో మాట్లాడి వస్తాను" అని కొలువుకు వెళ్లింది.

ఆవిడ్ని చూడగానే సభంతా ముక్కులు మూసుకుంది.

"మహారాజా, సాయంత్రానికల్లా పడవలెక్కేస్తాం. ఒక్కటే మనవి. మేం పోయాక కూడా ఎక్కడైనా కాస్త కంపు మిగిలితే, లోకం తమ ఆజ్ఞనే చులకన చేస్తుంది. దాన్ని పసిగట్టడంలో నా ముక్కును మించింది లేదు. సెలవిస్తే ఈ కొలువు నుంచే మొదలుపెడతాను."

రాజు ఉబ్బిపోయాడు. "భేష్! ఎవరిదైనా సరే, వదలొద్దు."

అరిషత్ సింహాసనం వెనక ఊదాతెర వాసన చూసింది. "ఇది పోవాలి." భటులు లాగేశారు. మెత్తలు పోయాయి. మంత్రిగారి ఉత్తరీయం పోయింది, ఆయన పాపం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఆవిడ రాజు ఎదుటికి వచ్చి ఆగింది.

"నా అంగీ జోలికి రాకు!" అన్నాడు జెరుబాల్. "దీనికి రోజూ దేవదారు తైలం పట్టిస్తారు. ఘుమఘుమలాడుతుంది."

"అలాగే మహారాజా. ఓ చెంబెడు నీళ్లు చల్లనిస్తారా?"

చల్లుకోమన్నాడు. అసలైన ఊదాబట్ట గుణమే అంత. ఎన్నేళ్లయినా సరే, తడిస్తే చాలు, లోపలి నత్త లేచి కూర్చుంటుంది. దేవదారు పరారైంది. మంత్రి ఏమీ ఎరగనట్టు మొహం పెట్టబోయాడు గాని, వరసగా మూడు తుమ్ములు తుమ్మాడు.

"అంటే... ఇదీ పోవాలంటావా?" రాజు గొంతు సన్నగా వచ్చింది.

"వస్తువు సంగతి తేలింది. ఇక మనిషి. పదేళ్లుగా తమరు ఇందులోనే ఉన్నారు కదా మరి..." అరిషత్ నసిగింది. "పడవలో నా పక్కన చోటుంది మహారాజా. కాస్త ఇరుకు. సర్దుకుందాం."

జెరుబాల్ చెయ్యెత్తి తన అంగీని తానే వాసన చూసుకున్నాడు. మరుక్షణం ఫక్కున నవ్వాడు. నవ్వి నవ్వి కిరీటం పక్కకు ఒరిగింది.

"మీరు పోతే నేనూ పోవాలన్నమాట! ఆజ్ఞ రద్దు. ఆ మేడకు కిటికీలు అవతలివైపు పెట్టించండి!"

అంతటితో ఊరుకోక, అంగీ విప్పి అరిషత్ భుజాల మీద తన చేత్తోనే కప్పాడు. యాభై ఏళ్లు రాజులకోసం అద్దిందే గాని, ఊదాబట్ట ఆవిడ ఒంటిమీదికి రావడం అదే మొదలు. అంచు పట్టుకుని తడిమి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం అవ్వా, అంత కంపా?" అన్నాడు రాజు.

"కాదు మహారాజా, ఇది మా ఆయన ముంచిన బట్ట. అంచుల్ని ఇలా రెండోసారి ముంచేది ఆయనొక్కడే. నాదీ అదే కంపైనా, ఆయన బతికున్నన్నాళ్లూ ఈ కంపుతో లోపలికి రావద్దని గుమ్మంలోనే నిలబెట్టేసేదాన్ని." కొంగుతో కళ్లు తుడుచుకుని పకపకా నవ్వింది. "ఇవాళ చూడండి, ఒంటినిండా కప్పుకుని నేనే ఇంటికి తీసుకుపోతున్నాను!"